ఇల్లు శివారు చేను కాకూడదు

(కార్తీక బహుళ చతుర్దశి సాయంత్రం, కోనసీమలోని మా ఊరి రామాలయంలో ఇచ్చిన ప్రసంగం ఇది. మాట్లాడినవారు డెల్టా కాలువల మీద 36 ఏళ్లు ఉద్యోగం చేసి రిటైరైన పెద్దాయన. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాశాం.)

అందరికీ నమస్కారం. కూర్చోండమ్మా, ముందుకి రండి. ఆ స్తంభం వెనకాల ఉన్నవాళ్లు కూడా ఇటు జరగండి, అక్కడికి మైకు సరిగ్గా వినపడదు. దీపాలు పెట్టుకోవడం అయింది కదా అందరిదీ? మంచిది.

నేను పౌరాణికుణ్ని కాదండి. ఈ వేళ ఇక్కడ కూర్చోవలసింది మన శాస్త్రిగారు. ఆయనే నన్ను కూర్చోబెట్టారు. ఎందుకంటే, మొన్న వనభోజనాల్లో ఉసిరిచెట్టు కింద అందరం విస్తళ్లు వేస్తుంటే, ఒకమ్మాయి ఆయన్ని ఒక ప్రశ్న అడిగింది. పక్కన నేనూ ఉన్నాను. ఆ అమ్మాయి ఇంటి దగ్గరే ఉండి కంపెనీ పని చేస్తుంది. అమెరికా వాళ్ల టైము. సాయంత్రం ఏడున్నరకి కూర్చుంటే తెల్లవారుజామున మూడున్నరకి లేవడం. ఆ అమ్మాయి ఏమందంటే, “ఏడింటికి బాబుని స్కూలుకి తయారు చేయాలండి. అత్తయ్యగారికి షుగరు, వేళకి టిఫిన్ పెట్టాలి. మధ్యలో నేను పడుకోవాలి. ఇంక కార్తీక స్నానం ఎప్పుడు చేయను, దీపం ఎప్పుడు పెట్టను? నాకు భక్తి లేనట్టేనా?” అని నవ్వేసింది. నవ్విందిగానీ కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను చూశాను.

శాస్త్రిగారు నా వైపు తిరిగి, “దీనికి మీరు చెప్పండి, ఉద్యోగం చేసి పిల్లల్ని పెంచిన మనిషి మీరు” అన్నారు. అందుకని వచ్చాను. ఆ అమ్మాయి కూడా వచ్చింది. ఏడున్నరకి లాగిన్ అవ్వాలి కాబట్టి ఏడింటికల్లా ముగిస్తాను.

ముందు పోలి కథ చెప్తాను. మీ అందరికీ తెలుసు. అయినా వినండి, తెలిసిన కథే మళ్లీ మళ్లీ వినడం కార్తీకంలో మన పద్ధతి.

ఒక ఇంట్లో అయిదుగురు కోడళ్లు. చిన్నకోడలు పోలి. ఎందుకో అత్తగారికి ఆ పిల్లంటే గిట్టదు. కార్తీకం వచ్చింది. అత్తగారు పెద్దకోడళ్లు నలుగురినీ వెంటబెట్టుకుని రోజూ తెల్లవారుజామున ఏటికి స్నానానికి వెళ్లేది. ఇంటి పనంతా పోలికి అప్పజెప్పేది. అంతటితో ఊరుకుందా? పోలి దీపం పెట్టుకోవడానికి కూడా వీల్లేకుండా, వత్తులూ నూనే దాచేసి మరీ వెళ్లేది. పోలి ఏం చేసింది? పెరట్లో పత్తిచెట్టు కింద రాలిన పత్తి ఏరింది, వత్తి చేసింది. మజ్జిగ చిలికిన కవ్వానికి కాస్త వెన్న అంటుకుని ఉంటుంది చూశారా, అది గీరింది. నూతి దగ్గర నాలుగు చేదలు నెత్తిన పోసుకుని దీపం వెలిగించింది. అత్తగారి కంట పడకుండా దాని మీద బుట్ట బోర్లించింది. మళ్లీ పనిలో పడింది. నెలంతా అంతే. ఆఖరి రోజున విమానం దిగింది. అత్తగారు తన కోసమే అనుకుంది. విమానం తిన్నగా వెళ్లి పోలి ముందు ఆగింది.

ఈ కథ చిన్నప్పట్నుంచీ వింటున్నాను. ఆర్భాటం కాదు, భక్తి ముఖ్యం అని చెప్పేవారు పెద్దవాళ్లు. నిజమే. కానీ నా మనసు ఎప్పుడూ ఆ బుట్ట దగ్గర ఆగిపోతుంది. ఒక్కసారి ఊహించుకోండి. తెల్లారింది. పోలి అంట్లు తోముతోంది. పేడ ఎత్తుతోంది. అయిదుగురి బట్టలు ఉతుకుతోంది. చూసేవాళ్లకి పని చేసే కోడలే కనపడుతుంది. కానీ నూతి గట్టు పక్కన, బుట్ట కింద, ఒక దీపం వెలుగుతోంది. ఆ సంగతి ఆవిడకొక్కదానికే తెలుసు. చేతులు బూడిదలో ఉన్నా మనసు ఆ దీపం దగ్గర ఉంది. దానికి ఎంతసేపు పట్టింది? వత్తి చేయడం, వెన్న గీరడం, వెలిగించడం. పావుగంట. మిగతా పొద్దంతా పనే కదా? పావుగంట దీపం పొద్దంతా పనికి తోడుంది.

అమ్మాయ్, నీ ప్రశ్నకి సగం జవాబు ఇదే. మూడున్నరకి లేచి మొహం కడుక్కుని ఒక్క వత్తి వెలిగించు. అది కార్తీక దీపమే. ఎవరేమన్నా అది కార్తీక దీపమే.

అయితే ఇక్కడ ఇంకో మాట చెప్పకపోతే తప్పు చేసినవాణ్నవుతాను. ఈ కథ చెప్పి మనం కోడళ్లకి ఓర్పు నేర్పుతాం. అత్తగారికి ఏం నేర్పుతున్నాం? ఆ ఇంట్లో పోలి మొగుడు ఏం చేస్తున్నాడు? కథలో ఆయన ఊసే లేదు. మామగారి ఊసూ లేదు. ఆరుగురు ఆడవాళ్లున్న ఇంట్లో ఒక్క పిల్ల మీద అంత పని పడుతుంటే కనీసం ఆ నూనె సీసా ఎక్కడుందో వెతికి ఇచ్చే మగవాడు లేకపోయాడు. బాబూ, నీకే చెప్తున్నాను, అమ్మాయి భర్తవి నువ్వే కదా? లేవకు, కూర్చో. తప్పు పట్టడం లేదు. ఆ నూనె సీసా నువ్వు అందించు, అంతే.

సరే, ఇప్పుడు నాకు తెలిసిన విషయంలోకి వస్తాను. నాకు తెలిసింది నీళ్లు.

పిల్లలున్నారు కాబట్టి చెప్తాను. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట 1847లో మొదలుపెట్టి 1852కి కట్టారు. అక్కణ్నుంచి తూర్పు డెల్టా, మధ్య డెల్టా, పశ్చిమ డెల్టా, మూడూ కలిపి పది లక్షల ఎకరాల పైచిలుకు పారుతోంది. మనది మధ్య డెల్టా, గౌతమికీ వశిష్ఠకీ నడుమ. సార్వాకి, అంటే వానాకాలం పంటకి, నీటి కొదవ ఉండదు, అప్పుడు గోదావరి నిండుగా ఉంటుంది. దాళ్వా, అంటే రెండో పంట, వచ్చేసరికి ఏరు సన్నబడిపోతుంది. పైన సీలేరు జలాశయాల నుంచి ఎంత వదిలితే అంత. అలాంటి ఏడాది వంతులు పెడతాం. ఇన్ని రోజులు ఈ కాలువకి, ఇన్ని రోజులు ఆ కాలువకి. ఈ తూము మూస్తేనే ఆ తూముకి నీరు ఎక్కుతుంది.

ఇందులో కష్టం ఎవరికో తెలుసా? శివారు రైతుకి. కాలువ మొదట్లో ఉన్నవాడి చేలో నీళ్లు వాటంతటవే వచ్చి పడతాయి. చివర ఉన్నవాడికి, పైవాళ్లందరూ తీసుకోగా మిగిలితే వస్తాయి. ఎగువ రైతు చెడ్డవాడా? కాదండి, కాదు. నీళ్లు ఆయన చేను పక్కనుంచే పోతున్నాయి, ఆయనకీ వరి ఎండుతోందనే భయమే. రాత్రి బోదెకి, అంటే పిల్లకాలువకి, అడ్డంగా రెండు మట్టిబస్తాలు వేస్తాడు. తెల్లారేసరికి శివారు చేను నెర్రెలు విచ్చి ఉంటుంది.

శివారు రైతుని నేను దగ్గరగా చూశాను. మొదటి వారం కాలువకి నీళ్లు వదిలే లాకుల దగ్గరికి వచ్చి కేకలు వేస్తాడు. రెండో వారం మెల్లగా అడుగుతాడు, “ఇవాళైనా వస్తాయాండీ?” అని. మూడో వారం రాడు. కేకలు వేసేవాడి గురించి మాకు బెంగ ఉండేది కాదు. రావడం మానేసినవాడి గురించే బెంగ. ఆ చేను మీద ఆశ వదిలేసుకున్నాడన్నమాట.

ఇప్పుడు మీ ఇంట్లో చూసుకోండి. ఉద్యోగం ఎగువ చేను. జీతం అక్కణ్నుంచే వస్తుంది, ఫోను అక్కణ్నుంచే మోగుతుంది. పొద్దున లేవగానే మన ఓపిక, మన శ్రద్ధ, మన మంచి మాట, అన్నీ ముందు అక్కడికే పారతాయి. ఇల్లు శివారు చేను. అందరూ తీసుకోగా మిగిలింది ఇంటికి. మిగిలేది ఏముంటుంది? చిరాకు, తలనొప్పి, ఫోను పట్టుకుని ఊఁ అనడం. భార్య మొదట్లో గొడవ పడుతుంది. తరవాత మెల్లగా అడుగుతుంది. తరవాత? తరవాత అడగదు. ఇంట్లో గొడవలు తగ్గాయని మనం సంతోషిస్తాం. అది సంతోషించాల్సిన సంగతేనా?

మరి దేవుడి సంగతేమిటి? అందరూ అడిగేది ఇదే. ఉద్యోగానికి ఇంత టైము, ఇంటికి ఇంత టైము, ఇంక దేవుడికి ఎక్కణ్నుంచి తేవాలి అని. అంటే దేవుణ్ని మూడో వాటాదారుని చేశాం. ఆయన కూడా మన ఇరవై నాలుగు గంటల్లో ఎకరమో అరెకరమో అడుగుతున్నాడని మన లెక్క. నా లెక్కలో అలా కాదండి. కాలువ మీద లస్కరు ఉంటాడు. తెలుసు కదా? ఆయనకి చేను లేదు, వాటా లేదు. వంతు ప్రకారం ఒక తూము మూసి ఇంకో తూము ఎత్తడం ఆయన పని. దీపం దగ్గర మనం కూర్చునే ఆ పది నిమిషాలు మన లోపలి లస్కరు. ఆ పది నిమిషాలు ఇంటి నుంచీ ఆఫీసు నుంచీ ఏమీ తీసుకోవు. ఎగువ తూము మూస్తాయి. అప్పుడు నీరు కిందికి పారుతుంది.

ఇది నాకు పుస్తకాల వల్ల తెలియలేదు. చాలా ఆలస్యంగా, చాలా బాధపడి తెలుసుకున్నాను. అది కూడా చెప్తాను.

1986 ఆగస్టు వరద ఈ ఊళ్లో పెద్దవాళ్లందరికీ గుర్తుంటుంది. ధవళేశ్వరం దగ్గర ముప్ఫై అయిదు లక్షల క్యూసెక్కులు. పది లక్షలకే మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేస్తాం కదా, మరి ముప్ఫై అయిదంటే ఏమిటో చూడండి. చాలాచోట్ల గట్లు తెగాయి. అప్పటికి నాకు ఉద్యోగం వచ్చి నాలుగేళ్లు. మా పెద్దమ్మాయి ఏడాది పిల్ల. నేను ఏటిగట్టు మీద ఉన్నాను, ఇసకబస్తాల దగ్గర. ఎన్ని రాత్రులు నిద్ర లేదో లెక్క లేదు. ఇంట్లో వాళ్లు ఎలా ఉన్నారో కబురు లేదు. దానికి నేను ఇప్పటికీ చింతించను. వరదలో వంతులుండవు. గట్టు తెగితే నా ఇల్లే కాదు, ఊళ్లకి ఊళ్లే పోతాయి. మా ఆవిడ కూడా దాని గురించి నన్ను ఒక్క మాట అనలేదు.

వరద తీసింది. నేను మాత్రం గట్టు దిగలేదు. అదీ నా తప్పు. తరవాత ఏడెనిమిదేళ్లు, వరద ఉన్నా లేకపోయినా, వరద డ్యూటీలో ఉన్నట్టే బతికాను. ఎవరూ అడగకపోయినా రాత్రిళ్లు కాలువ మీదకి వెళ్లేవాణ్ని. నేను లేకపోతే నీళ్లు కదలవనుకునేవాణ్ని. “నా పనే నా పూజ” అనేవాణ్ని. ఆ మాట ఎంత గొప్పగా ఉంటుందో, అంత ప్రమాదం కూడా. దాని వెనకాల ఎన్నైనా దాచేయొచ్చు.

ఒక దాళ్వాలో, 93వ సంవత్సరం అనుకుంటాను, ఒక రాత్రి పదకొండు దాటాక ఇంటికొచ్చాను. చొక్కా తగిలించడానికి గది తలుపు దగ్గరికి వేశాను. తలుపు వెనకాల సుద్దముక్కతో గీతలు. కింద నుంచి పైకి అడుగులు, అంగుళాలు. లాకుల దగ్గర నీటి మట్టం కొలిచే గేజి ఉంటుంది చూశారా, అచ్చం అలాగే. పిల్లని ఒకసారి తీసుకెళ్లి చూపించాను, అది గుర్తుంచుకుంది. పక్కన తేదీలు వేసింది. మా ఆవిణ్ని అడిగితే చెప్పింది: “మీరు తను పడుకోకముందు వచ్చిన రోజున ఒక అంగుళం పెంచుతోంది. రాకపోతే అక్కడే ఉంచుతోంది.” నెల రోజులకి రెండు అంగుళాలు పెరిగింది. రెండు.

ఆ నెల నేను మూడు వేల ఎకరాలకి వంతు తప్పకుండా నీళ్లిచ్చాను. ఏ శివారు రైతూ నన్ను వేలెత్తి చూపలేదు. నా ఇంట్లో శివారు చేను ఎండిపోతుంటే తలుపు వెనకాల రాసుంది, నేను చూడలేదు.

ఆ రాత్రి ఏం చేశానంటే, ఏమీ చేయలేదు. మర్నాడు సాయంత్రం మా అమ్మ దగ్గర కూర్చుని చెప్పాను. మా అమ్మ పెద్దగా చదువుకోలేదు. ఆవిడ అంది, “ఇంట్లోకి వచ్చేటప్పుడు కాళ్లు కడుక్కుంటున్నావురా?” అని. బూట్లు విప్పుకుని వచ్చేస్తున్నానన్నాను. “కడుక్కో. మడమల వెనకాల కూడా తడవాలి. తరవాత దీపం దగ్గర పది నిమిషాలు కూర్చో. ఏం చదవకపోయినా ఫరవాలేదు, కూర్చో. అప్పుడు పిల్లని పిలు” అంది. అంతే చెప్పింది.

కాళ్లు కడుక్కుని గడప దాటడం మనకి కొత్తా? మన తాతలందరూ చేశారు. చేలో బురద పోవడానికి అనుకుంటాం. బురదతో పాటు చేలో గొడవ కూడా పోవాలనే కదా గుమ్మం ముందు నీళ్లతొట్టి పెట్టింది! ఆ చల్లటి నీళ్లు మడమల మీద పడుతుంటే, ఈ రోజుకి కాలువ అయిపోయింది అని నాకు నేను చెప్పుకునేవాణ్ని. తరవాత దీపం. మొదట్లో ఆ పది నిమిషాలూ కళ్లు మూసుకుంటే గేజి రీడింగులే కనపడేవి. రాను రాను మా అమ్మాయి వచ్చి ఒళ్లో కూర్చునేది. రామ రామ అనడం దానికి నేను నేర్పానో, నాకే అది నేర్పిందో తెలియదు. రోజూ ఎనిమిదింటికల్లా రాలేకపోయేవాణ్ని, ఉద్యోగం అలాంటిది. అందుకని వంతు పెట్టుకున్నాను. మంగళ, గురు, ఆదివారాలు ఇంటివి. వరద హెచ్చరిక ఉంటే తప్ప అవి మారవు. పిల్లకి ముందే చెప్పాను.

వంతు గొప్పతనం అక్కడుందండి. గురువారం తనకి నీళ్లొస్తాయని గట్టిగా తెలిసిన రైతు మంగళవారం రాత్రి హాయిగా నిద్రపోతాడు. ఎప్పుడొస్తాయో తెలియనివాడు ప్రతి రాత్రీ లాంతరు పట్టుకుని గట్టు మీదే ఉంటాడు. పిల్లలూ అంతే. నాన్న రోజూ లేకపోయినా ఓర్చుకుంటారు. ఎప్పుడుంటాడో తెలియకపోతేనే ఓర్చుకోలేరు.

ఇది ఇక్కడున్న అందరికీ ఒకేలా కుదరదని నాకు తెలుసు. రొయ్యల చెరువు మీద కాపలా ఉండేవాడికి రాత్రి కరెంటు పోతే నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్ల దగ్గరికి పరుగెత్తక తప్పదు. చమురు రిగ్గు మీద పద్నాలుగు రోజులుండి వచ్చేవాడి లెక్క వేరు. ఇంక మన ఊళ్ల నుంచి కువైట్ వెళ్లిన తల్లులు ఎంతమంది? వాళ్ల గురించి తేలిగ్గా మాట్లాడే అర్హత నాకు లేదు. వేరేవాళ్ల పిల్లలకి అన్నం తినిపించి, తన బిడ్డని ఫోనులో చూసుకునే తల్లి ఆవిడ. మా వీధిలో ఒక మామ్మగారు మనవరాలిని పెంచుతోంది. శుక్రవారం ఆ తల్లికి కాస్త తీరిక. ఈ కార్తీకంలో ప్రతి శుక్రవారం సాయంత్రం తులసికోట దగ్గర దీపం పెట్టి, కోట గూట్లో ఫోను ఆనించి పెడుతున్నారు. అక్కడ తల్లి, ఇక్కడ పిల్ల. ఇద్దరూ ఒక్క దీపాన్నే చూస్తూ హరిహర అనుకుంటారు. తరవాతే కబుర్లు. ఒక శుక్రవారం సిగ్నలు లేకపోతే ఆ మామ్మగారు ఫోను పట్టుకుని పిల్లతో సహా కాలువ వంతెన దాకా నడిచింది. వంతు తప్పకూడదని.

ఇంకో వైపు కూడా చెప్పాలి, ఏమీ అనుకోకండి. ఉద్యోగం పేరు చెప్పి ఇంటిని ఎండబెట్టేవాళ్లున్నట్టే, దేవుడి పేరు చెప్పి ఎండబెట్టేవాళ్లూ ఉన్నారు. ప్రతి సాయంత్రం భజన, ప్రతి సెలవుకీ యాత్ర, ఇంట్లో మంచాన పడ్డ తల్లి. భారతంలో కౌశికుడని ఒకాయన ఉన్నాడు. వేదం చదువుకోవాలని తల్లిదండ్రుల్ని వదిలి వెళ్లిపోయాడు. తపశ్శక్తి వచ్చింది, కళ్లెర్రజేస్తే కొంగ మాడిపోయింది. చివరికి ధర్మం తెలుసుకోవడానికి మిథిలలో మాంసం అమ్ముకునే ధర్మవ్యాధుడి దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది. ధర్మవ్యాధుడు ఏం చూపించాడు? ఇంట్లో ఉన్న ముసలి తల్లినీ తండ్రినీ చూపించి, నా దేవుళ్లు వీళ్లే అన్నాడు. “నువ్వు నీ ఇంటికి వెళ్లు, నీ అమ్మానాన్నా నీ కోసం ఏడుస్తున్నారు” అని పంపేశాడు. అంత జ్ఞానం వెతుక్కుంటూ వెళ్లినవాడికి దొరికిన ఉపదేశం ఇంటికి దారి.

అలాగని పని తక్కువది కాదు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొరగారి విగ్రహాలకి మన ఊళ్లలో దండలెందుకు వేస్తాం? గోదావరి రేవుల్లో సంకల్పం చెప్పేటప్పుడు పురోహితులు ఆయన్ని భగీరథుడని ఎందుకు తలుచుకుంటారు? రోజూ మన వాకిట్లోనే గోదావరి స్నానం చేసే భాగ్యం ఆయన పని వల్ల వచ్చింది. చేసిన పని పదిమంది చేలోకి పారితే అది పుణ్యమే. అమ్మాయ్, నువ్వు రాత్రంతా కంప్యూటర్ ముందు కూర్చుని చేసేది కూడా ఎక్కడో ఎవరికో పనికొస్తోంది. దాన్ని తక్కువ చేసుకోకు. కాకపోతే నీ ఆఫీసు పడగ్గదిలోనే ఉంది, నీకు గడప లేదు. గడప నువ్వే కట్టుకోవాలి. మూడున్నరకి ఆ కంప్యూటర్ మూత వేసెయ్. ఫోను ఆ గదిలోనే వదిలెయ్. పెరట్లోకి వెళ్లి కాళ్లు కడుక్కో. మడమల వెనకాల కూడా. వత్తి వెలిగించి పది నిమిషాలు కూర్చో. తరవాత పడుకో. నిద్ర కూడా సాధనలో భాగమే. మరీ ఎక్కువ నిద్రపోయేవాడికీ యోగం కుదరదు, మరీ మేలుకుని ఉండేవాడికీ కుదరదు అని గీత ఆరో అధ్యాయంలో కృష్ణుడే చెప్పాడు. పొద్దున్న అత్తయ్యగారి టిఫిన్ సంగతి నీ భర్తా నువ్వూ వంతులు వేసుకోండి. ఏం బాబూ? ఆఁ, తలూపాడు. అత్తయ్యగారు కూడా ఊపుతున్నారు.

టైము ఏడు కావస్తోంది. ఒక్క కబురు చెప్పి లేస్తాను. ఎల్లుండి తెల్లవారితే పోలి పాడ్యమి. అరటిదొప్పలు మా దొడ్లో కోసి ఉంచాను, రేపు సాయంత్రం వచ్చి పట్టుకెళ్లండి. లాకుల దగ్గర రేవులో పైనుంచి మూడు, నాలుగు మెట్ల మీద పాచి ఉంది, పిల్లల చేయి వదలకండి. నేను లాంతరు పట్టుకుని మెట్ల మీదే ఉంటాను. ఆ పూట పొయ్యి మగవాళ్లు ముట్టించండి, ఆడవాళ్లని నిదానంగా దీపాలు వదలనివ్వండి. ప్రతి ఏడూ నాలుగింటికే బయల్దేరుతున్నాం. ఈసారి నాలుగున్నర చేద్దాం. అమ్మాయికి మూడున్నరకి గానీ డ్యూటీ అవ్వదు. కాళ్లు కడుక్కుని రావాలి కదా, ఆగుదాం.